పొత్తిగుడ్డ మీద ఎర్రమచ్చలు

ల్యాబ్‌లో అందరూ ఆవిడను డేగకళ్ల అక్క అనేవారు. మైక్రోస్కోపు ముందు కూర్చుందంటే ఆవిడ కళ్లుగప్పడం ఏ సూక్ష్మజీవి తరమూ కాదని పేరు.

ఆ సోమవారం ఒక నాయనమ్మ సంచిలోంచి పొత్తిగుడ్డ తీసి చూపించింది. నిండా ఎర్రటి మచ్చలు.

"పాపకి రెండు నెలలమ్మా. మూడు రోజుల్నుంచి ఇదే వరస. మా కోడలు ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి."

"డాక్టరుగారు ఏమన్నారండీ?"

"పాప నిక్షేపంలా ఉందన్నారు. పరీక్ష చేస్తే అది రక్తం కాదట. మరేమిటో మీరు తేల్చాలట."

"గుడ్డ విప్పినప్పుడే ఇలా ఉంటోందా?"

"అబ్బే! బుట్టలో వేశాక, మర్నాటికి ఇలా తయారవుతోంది."

ఆ మాట అక్క మనసులో నాటుకుంది. మచ్చను తీగతో తాకి, సూక్ష్మజీవులు పెరిగే అగార్ జెల్లీ పోసిన రెండు పళ్లేల మీద గీతలు గీసింది. ఒకటి ఒంటివేడి ఉండే ఇంక్యుబేటర్‌లోకి వెళ్లింది. రెండోదాన్ని కావాలనే బల్ల మీద ఉంచింది.

మర్నాడు ఇంక్యుబేటర్ పళ్లెంలో పాలిపోయిన చుక్కలు మొలిచాయి. ఎరుపు ఊసే లేదు. చుక్కలోంచి కాస్త గాజుపలక మీద పూసి, ఊదారంగు, అయోడిన్ వేసి, ఆల్కహాల్‌తో కడిగింది. ఊదా నిలవలేదు. చివర వేసిన ఎర్రరంగు పట్టి, పొట్టి కడ్డీల్లాంటి బాక్టీరియా గులాబీగా కనిపించాయి. అలాంటివి బోలెడు. వీటిలో ఇదేదో?

బుధవారం పొద్దున బల్ల మీది పళ్లెం చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. పండుమిరప ఎరుపు!

"దొరికావే దొంగా! వెచ్చగా ఉంటే ఏమీ ఎరగనట్టుంటావు, చల్లబడితే రంగు బయటపెడతావా?"

మరో రెండు రకాల పళ్లేల్లో పెంచి చూస్తే పేరూ తేలింది. సెరేషియా, తడి ఉన్నచోట పెరిగే బాక్టీరియా. పాప స్నానాల గదిలోని వస్తువులు తెప్పించి పరీక్షిస్తే, పాప ఒళ్లు తుడిచే స్పాంజిలోనూ అదే మొలిచింది.

మందులేమీ అక్కర్లేదు, స్పాంజి పారేసి గుడ్డలు ఉడకబెట్టమన్నారు డాక్టరు. వారానికి మచ్చలు మాయమయ్యాయి. అత్తాకోడళ్లు పాపను ఎత్తుకుని వచ్చారు. నాయనమ్మ పట్టుబట్టి మైక్రోస్కోపులోకి తొంగిచూసింది.

"ఇవా! నలుసంత లేవు, ఇంటిల్లిపాదినీ హడలగొట్టాయి!"

"ఆ స్పాంజి కొన్నది మీరే అత్తయ్యా," అంది కోడలు మెల్లగా.

"కొన్నది నేనే. ఆరబెట్టకుండా మూలన పడేసింది నీ మొగుడు!"

అక్క నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది.