ఆరు నెలల గడువు

రామనాథం ఏలూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. జతచేయాల్సిన కాగితం ఒక్కటి తగ్గినా అర్జీ తిప్పి పంపేసేవాడు. కూతురి విషయంలోనూ ఆ పద్ధతే పాటించాడు.

మైత్రేయి వట్లూరులో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరు. 2023 జూన్‌లో తాడేపల్లిగూడెం నుంచి స్కూటీ మీద వస్తుంటే, ఉంగుటూరు దగ్గర చేపల వ్యాను వెనకనుంచి గుద్దింది. ప్రాణం దక్కింది గాని కుడిచేతి నరాలు తెగిపోయాయి. రెండు ఆపరేషన్లయినా వేళ్లు కదల్లేదు. ఉద్యోగం పోయింది.

అక్టోబరులో ఆమే అడిగింది.

"నాన్నగారూ, నష్టపరిహారం కేసు వేసేద్దామా?"

"వైకల్యం ఎంత శాతమో సర్టిఫికెట్ రానీ అమ్మా. అరకొర కాగితాలతో వెళ్తే తిప్పి పంపేస్తారు. వీటికి గడువేం లేదులే. మా ఆఫీసు శ్రీహరిగారు మూడేళ్లకి వేశారు."

చికిత్స పూర్తయ్యాక, ఫిబ్రవరిలో సర్టిఫికెట్ వచ్చింది. అన్ని కాగితాలూ వరసగా కుట్టి, రామనాథం ఏలూరులో లాయరు నెల్సన్ దగ్గరికి వెళ్లాడు. ఎఫ్ఐఆర్ మీద తేదీ చూసి లాయరు ఆగిపోయాడు.

"ఇన్నాళ్లూ ఏం చేశారండీ? ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వెయ్యాలి. డిసెంబరుతోనే అయిపోయిందండీ."

"గడువు లేదు కదండీ!"

"అది పాత మాటండీ. 2022 ఏప్రిల్ నుంచి చట్టం మారింది."

"మరి సర్టిఫికెట్ లేకుండా ఎలా వేస్తామండీ?"

"ముందు పిటిషన్ వేసేసి, సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేసుకోవచ్చండీ. అందరూ చేసేది అదే."

ఆలస్యాన్ని మన్నించమంటూ పిటిషన్ వేశారు. ఏప్రిల్‌లో కోర్టు దాన్ని కొట్టేసింది. పైకోర్టుకి వెళ్లినా ఆశ పెట్టుకోవద్దన్నాడు లాయరు.

ఆ మధ్యాహ్నం రామనాథం ఇంటికి వచ్చేసరికి, భార్య సూర్యకాంతం కూతురికి జడ అల్లుతోంది. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడే జరిగింది చెప్పాడు.

"అక్టోబరులోనే అడిగాను కదా నాన్నగారూ," అంది మైత్రేయి.

"అడిగావమ్మా."

ఆమె సగం అల్లిన జడతోనే లేచి గదిలోకి వెళ్లిపోయింది.

"కాళ్లు కడుక్కురండి, అన్నం పెడతాను," అంది సూర్యకాంతం. ఆయన కదల్లేదు.

ఆ తర్వాత మైత్రేయి తండ్రిని ఏదీ అడగలేదు. మందులు కావాలన్నా తల్లితోనే చెప్పించేది. ఆయన సంచీ తీసుకుని వెళ్లి తెచ్చేవాడు.