గిన్నెలో పడని గుండీ

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే, నేను వెనక నుంచి పిలిచినప్పుడు నా కూతురికి వినపడకపోవడం, అదీ దాని చెవి వల్ల కాకుండా, మమ్మల్ని ఎన్నడూ చూడని ఎవడో ఎక్కడో కూర్చుని మీట నొక్కడం వల్ల కావడం, ఇంకా ఘోరం, అది జరిగిన సంగతే నాకు తెలియకపోవడం, కానీ ఈ పొద్దున తెలిసింది, పాలు పొయ్యి మీద పెట్టి రోజూ చేసే పనే చేశాను, చెవికి వినికిడి యంత్రం పెట్టిన పిల్ల వెనక నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ, ఈ, ఊ, మ్, ష్, స్, వినపడినప్పుడల్లా అది గిన్నెలో ఒక గుండీ వేయాలి, చెవి పరీక్షల మేడమ్ నేర్పిన ఆట, మ్ దాకా గుండీలు టకటకా పడ్డాయి, ష్ అన్నాను, పడలేదు, స్ అన్నాను, గుండీ పట్టుకుని ఎదురుచూస్తూనే ఉంది, మళ్ళీ అన్నాను, మళ్ళీ, పాలు పొంగి పొయ్యి బుస్సుమంది, అదీ వినపడలేదు, ఏడవనైనా ఏడవలేదు, అమ్మ ఇంకా ఏమీ అనలేదనుకుంది పిచ్చితల్లి.

రాత్రి ఫోను తనంతట తానే అప్‌డేట్ అయి మారిపోయింది, ఎవరడిగారని, వినికిడి యంత్రాన్ని సరిచేసే యాప్‌లో నిన్నటి మీటలు లేవు, వాటి చోట ఒక్కటే మాట, మీ సౌకర్యం కోసం అనవసరపు చప్పుళ్ళు తగ్గించాం, అనవసరమట, నా బిడ్డ ఇప్పుడిప్పుడే మాటలు కూడబలుక్కుంటోంది, స్ వినకపోతే స్ పలకదు, కంపెనీకి ఫోన్ చేస్తే తేనె పూసిన గొంతు, అందరికీ ఒకేలా ఇచ్చాం మేడమ్, పాతదానికి తిప్పడం కుదరదండి, అందరి సంగతి నాకెందుకమ్మా, నాకున్నది ఒక్కతే కూతురు అన్నాను, లైన్లో ఉండండి అని పాట పెట్టింది, పక్కన అత్తగారు, పాత డొక్కు ఫోనే నయమే అమ్మాయ్, దానికి బుద్ధి లేదుగానీ మన మాట వినేది అంది, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ మింగి పిల్లని చంకనేసుకున్నాను.

మా ఆడపడుచు ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే కొట్లో పనిచేస్తుంది, యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇల్లు నీదే వదినా, తాళాలగుత్తి మాత్రం వాళ్ళ నడుముకుంది అంది, పాత లాప్‌టాప్ ఒకటి తీసింది, దాన్ని చేసిన కంపెనీయే ఇది ముసలిదైపోయింది పనికిరాదు పొమ్మందట, అందులో ఎవరి సొత్తూ కాని సిస్టమ్ వేసింది, లోపల ఏం రాశారో ఎవరైనా తెరిచి చూడొచ్చట, ఇలాంటి యంత్రాల్ని దిద్దే ప్రోగ్రామూ ఎవరో రాసి అందరికీ వదిలేశారట, ఎనిమిదితో చదువు ఆపేసినదాన్ని, నేనేం తెరిచి చూస్తానే అన్నాను, నువ్వు చూడక్కర్లేదు వదినా, హోటల్లో వంటగది కిటికీ తెరిచుందనుకో, అందరూ తొంగిచూడరు, అయినా వంటవాడు చెయ్యి కడుక్కుంటాడు, మరి తప్పు రాస్తేనో అన్నాను, రాస్తారు, మనుషులేగా, దిద్దడానికి ఒకడి కాళ్ళు పట్టుకోనక్కర్లేదు, అంతే తేడా.

భయం పోయిందా అంటే పోలేదు, చప్పుడు ఎక్కువైతే ఉన్న కాస్త వినికిడీ పోతుందేమో, అందుకే తిన్నగా మేడమ్ దగ్గరికే లాక్కెళ్ళాను ఇద్దర్నీ, ఆవిడ తల పట్టుకుంది, నా చేతులూ కట్టేశారమ్మా, వాళ్ళ ప్రోగ్రాం నా కంప్యూటర్లోనూ తెరుచుకోవడం లేదు, పాప పాత కొలతలు మీ దగ్గర ఉన్నాయా లేవా అన్నాను, ఉన్నాయి, చప్పుడు కొలిచే యంత్రం, అదీ ఉంది, మరి కూర్చోండి మేడమ్, మీరు కొలవండి, మా ఆడపడుచు నొక్కుతుంది, ముందు నా చెవికి పెట్టండి, అలా గదమాయిస్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, పొద్దున పాలు పొంగిపోయినప్పుడు వణికిన గొంతు కాదది, ఆడపడుచు ముసిముసిగా, మా వదిన పోలీసుల్లో ఉండాల్సింది మేడమ్ అంది, మేడమ్ నవ్వలేదు, కొలిచింది, మళ్ళీ కొలిచింది, కొంచెం తగ్గించమంది, అప్పుడు పిల్లకి పెట్టారు, వెనక్కి వెళ్ళాను, నోటికి చెయ్యి, స్, గిన్నెలో గుండీ పడింది, ఆ చిన్న చప్పుడు మళ్ళీ వినాలని ఇంకోసారి స్ అన్నాను.

ఫోన్ని ఆ యంత్రం దగ్గరికి రానిచ్చేది లేదిక, ఇంటికొస్తుంటే కింద వాటాకి తాళం, అక్కడుండే కుట్టుమిషను పెద్దమ్మ, ఆవిడ చెవికీ ఇదే కంపెనీది, పోయిన వారమే ఆవిడ ఫోనూ మారింది, కొత్త బొమ్మలు బాగున్నాయే పిల్లా అని చూపించింది కూడా, అప్పటినుంచే కదూ, ఏం చెప్పినా సరే సరే అంటోంది, చేతులు పొట్టిగా కుట్టమంటే మెడ పెద్దది చేసింది, వయసైపోయిందే, చెవులు ఉడిగిపోయాయి అని తనే నవ్వింది, నేనూ నవ్వాను, నిన్న అక్కగారి ఊరు వెళ్ళింది, ఫోన్ చేస్తే మోగుతోంది, తీయడం లేదు, పోయిన చప్పుడు నేను పోయానని చెప్పదు, పోగొట్టుకున్నవాళ్ళు లోపం తమదేననుకుంటారు, కంపెనీకి కావలసిందీ అదే, ఎవరూ అడగకపోవడం, నేనడుగుతాను, ఒక్కదాన్నే ఎంత దూరం అడగగలను, మీ వీధికి చుట్టపుచూపుగా ఒక పెద్దావిడ వచ్చుంటే, మెడలో పసుపు రంగు కొలతల టేపు, చెవి వెనక బూడిద రంగు యంత్రం, ప్రతి మాటకీ తల ఊపి నవ్వుతూ ఉంటే, ఒక్కసారి వెళ్ళి వెనక నుంచి పిలిచి చూడండి, పలకకపోతే ముందుకొచ్చి, లోపం నీది కాదు పెద్దమ్మా అని చెప్పండి.