మొదటి వరుస ముత్తక్కది

ఆదయ్య తడిగుడ్డతో కీబోర్డు తుడుస్తున్నాడు. ఆఫీసుకు రాగానే ఆయన చేసే మొదటి పని అది. సిరొంచ బస్టాండు వెనక సందులో మేడమీద రెండు గదులు. కింద ఐలన్న మోటార్ వైండింగ్ దుకాణం. అక్కడి దుమ్మూ వార్నిష్ వాసనా అడక్కుండానే మెట్లెక్కి వచ్చి మీటల సందుల్లో కూర్చుంటాయి.

యాభై దాటిన మనిషి. మెడ ముందుకు వంగింది, మీసం సగం తెల్లబడింది. కుడిచేతి చిటికెన వేలు కాస్త వంకర. ఇన్నేళ్లూ సెమికోలన్ కొట్టింది ఆ వేలే. ఆ మీట మీద గుర్తు ఏనాడో అరిగిపోయింది. డేటాబేస్‌ను ఏదైనా అడిగి చివర సెమికోలన్ పెట్టకపోతే అది జవాబివ్వదు. ఈయన మాట ఇంకా అయిపోలేదనుకుని ఎదురుచూస్తుంది. ఆ పాటి ఓపిక ఇంట్లో ఎవరికైనా ఉందా అని ఆదయ్య వేళాకోళం.

కంపెనీ సంజీవ్‌ది. ఊళ్లలోని వ్యవసాయ సొసైటీలకు ప్రోగ్రాములు రాసిస్తారు. ఇప్పుడు పాతది తీసేసి కొత్తది కట్టాలి. డేటాబేస్‌తో మాట్లాడటానికి అందులో ఏ పనిముట్టు వాడాలో తేల్చమని, నాట్లు అయిపోయాక సంజీవ్ ఆదయ్యకు అప్పగించాడు. రెండున్నాయి. ఒకదాంట్లో ప్రతి ప్రశ్నా మనమే చేత్తో రాయాలి. రెండోది కొత్తగా వచ్చింది, దానికి మనకేం కావాలో చెబితే చాలు, ప్రశ్నలు అదే రాసుకుంటుంది.

"నువ్వు ఏదంటె గదే, ఆదన్నా" అన్నాడు సంజీవ్. ఆ ఒక్క మాటకు ఆదయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. వానలు వెనకబట్టేదాకా రెండింటినీ పక్కపక్కన నడిపి చూశాడు. భామ్రాగడ్ వైపు వాగులు పొంగి సిగ్నల్ వచ్చీపోయే రోజుల్లో ఏది తట్టుకుంటుందో, ఏది చతికిలపడుతుందో పట్టి చూశాడు.

చివరికి గుండె రాయి చేసుకుని కొత్తదానివైపే మొగ్గాడు. చేత్తో రాసే విద్య తనతోనే పోతుంది. రేపు ఈ పని చూసుకోవలసింది తన కింద పనిచేసే ప్రశాంతి. ఆమెకు అక్షరం దగ్గర్నుంచి నేర్పింది ఆయనే. ఇవాళ మీటింగులో ఆ మాట చెప్పాలి. పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దానికి ఒకసారి చెప్పి చూసుకున్నాడు కూడా. "కొత్తదే మంచిది. పిల్లలకు అచ్చొస్తది."

ఆయనకో అలవాటుంది. ఏ ప్రోగ్రాము మొదలుపెట్టినా రైతుల పట్టికలో పరీక్షకు వేసే మొదటి వరుస ఒకటే. పేరు ముత్తక్క, ఊరు రేగుంట, భూమి ఐదెకరాలు. ముత్తక్క వాళ్లమ్మ. కూలికి పోయేది. రేగుంటలో ఎవరు నాట్లు మొదలుపెట్టినా తొలి కట్ట ఆమె చేతికే ఇచ్చేవారు, చెయ్యి మంచిదని. ఊరందరి పొలాలూ పండించిన ఆ చేతికి పోయేనాటికి గుంట భూమి లేదు. కొడుకు కంప్యూటర్లో ఐదెకరాలు రాసిచ్చాడు. అసలు రైతుల పేర్లు చేరాక కూడా ఆ వరుస తీసెయ్యడు. పని నేర్పిన మొదటి రోజునే ప్రశాంతికి ఈ సంగతి చెప్పాడు.

టీ తాగి బయట గ్లాసు కడుగుతుండగా రాజక్క మెట్లెక్కి వచ్చింది. రేగుంట సొసైటీలో ఆమె గుమస్తా. ప్రింటరు చెడిపోయిందని చెప్పడానికి వచ్చింది గానీ, ముందు నవ్వింది.

"ఆదన్నా, కొత్తది మస్తున్నదే. యూరియాకొచ్చినోళ్ల పేరు కొడ్తె చాలు, అన్ని అదే తెస్తంది."

"కొత్తదేంది రాజక్కా?"

"గదేనే, నాట్లకు ముంగట ప్రశాంతి వచ్చి పెట్టిపోయింది గద. తెరిస్తె మొదలు ముత్తక్క పేరే ఉండె. నువ్వే చేసినవనుకున్న."

నాట్లకు ముందు. అంటే ఆయనకు పని అప్పగించకముందే కొత్త పనిముట్టుతో ప్రోగ్రాము కట్టేశారు. పెళ్లి జరిపించేసి, ఆ తర్వాత జాతకాలు చూడమన్నారన్నమాట. ఆదయ్య గ్లాసు కడగడం పూర్తిచేసి బోర్లించాడు.

లోపలికి వచ్చేసరికి ప్రశాంతి తన బల్ల దగ్గర తల దించుకుని ఉంది. రాజక్క గొంతు చిన్నదేం కాదు.

"సార్ చెప్పద్దన్నడు కాకా. నువ్వు బాధపడ్తవని."

"మరి నన్నెందుకు చూడమన్నరు?"

తన గదిలోంచి వచ్చిన సంజీవ్ జవాబిచ్చాడు. "ఊకె కూసున్నట్టు నీకు అనిపియ్యద్దని, ఆదన్నా. ఇగ నువ్వు ఫోన్లు చూసుకో. రైతులతోని నీ లెక్క మంచిగ ఎవలు మాట్లాడ్తరు?"

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఆదయ్యకు చెవులు వేడెక్కేంత కోపం వచ్చింది. కోపం పనిముట్టు మీద కాదు. అడిగి ఉంటే ఆ పని తనే చేతులారా ప్రశాంతికి ఇచ్చేవాడు. ఇవ్వబోయిన దాన్నే దొంగిలించారు.

"మా అవ్వ పేరెందుకు పెట్టినవ్ బిడ్డా?"

"నువ్వే గద కాకా చెప్పినవ్, మొదలు ముత్తక్కనే అని." ప్రశాంతి కళ్లు నిండాయి.

ఆ నీళ్లే అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నాయి. రేగుంట ఆసాములు కూడా ఇంటికొచ్చి అడిగి అమ్మ చెయ్యి తీసుకుపోయేవాళ్లు. వీళ్లు అడగను కూడా లేదు.

మీటింగు జరగలేదు. ఆదయ్య సాయంత్రం దాకా ఫోన్లు ఎత్తాడు. రైతులతో ఎప్పటిలాగే నిదానంగా మాట్లాడాడు. ప్రశాంతీ సంజీవ్ లోపలి గదిలో ఉండగా, కొత్త ప్రోగ్రాము డేటాబేస్‌ను పాతపద్ధతిలో తెరిచాడు. మొదటి వరుస తీసెయ్యమని చేత్తో రాశాడు. చిటికెన వేలు సెమికోలన్ మీద ఆగింది. కొడితే అమ్మ ఈ మోసంలోంచి బయటపడుతుంది. ఐదెకరాలూ పోతాయి. ఇంకోసారి గుంట భూమి లేనిదైపోతుంది.

వేలు వెనక్కి తీసుకున్నాడు. కీబోర్డును మళ్లీ ఒకసారి తుడిచాడు. ఆఫీసు తాళంచెవి ప్రశాంతి బల్లమీద పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగాడు.

"ఆదన్నా, రేపు జర ఒక బిల్లు కొట్టియ్యాలె" అన్నాడు కింద ఐలన్న, చుడుతున్న తీగ వదలకుండానే.

"రేపటికెళ్లి నేను రానే. ప్రశాంతిని అడుగు."

ఐలన్న తలెత్తేలోపు ఆయన సందు మలుపు తిరిగాడు. పైన తెర వెలుగుతూనే ఉంది, మాట ఇంకా అయిపోలేదనుకుని ఎదురుచూస్తూ. దాని ముందు ఇంకా తడి ఆరని కీబోర్డు, అందులో గుర్తు అరిగిపోయి నున్నబడ్డ ఆ ఒక్క మీట.