తోడు కార్డు

“ఇదిగో, ఈ పెట్టె రేపు పొద్దుటిదాకా నువ్వు పెట్టుకో,” అన్నాడాయన చొక్కా గుండీలు విప్పుతూ. కాస్త ఈ సంచీ పట్టుకో అన్నంత తేలిగ్గా అన్నాడు.

ఆమె తడిబట్టల బకెట్టు పట్టుకుని మేడ మీదికి బయల్దేరుతోంది. ఏ పెట్టో ఒక్క క్షణం అర్థం కాలేదు. తీరా చూస్తే, ఆ పొద్దున్నే ఆసుపత్రివాళ్లు ఆయన ఛాతీకి అంటించి పంపిన పెట్టె. అరచేతిలో ఇమిడిపోయేంతే గానీ మహా గడుసుది. దాని వైర్ల చివర బంక బిళ్లలు ఒంటికి అతికించుకుని తిరిగితే చాలు, ఒక పగలూ ఒక రాత్రీ గుండె ఎలా కొట్టుకుందో, ఎక్కడ తడబడిందో, ఒళ్లెంత కదిలిందో అంతా దాచుకుని మర్నాడు డాక్టర్లకి చెప్పేస్తుంది.

“అది మీ గుండె కోసం ఇచ్చారు కదండీ!”

“ఎవరి గుండె అయితేనేం? ఇవాళ మా ఆఫీసరు రిటైరవుతున్నాడు, అందరం కలుస్తున్నాం. పేకాట ఉంటుంది, ఒకటో రెండో సిగరెట్లు కూడా ఉంటాయి. ఈ చాడీలకోరుని వెంటబెట్టుకుని వెళ్లమంటావా? నీదైతే ఏ గొడవా లేదు. మధ్యాహ్నం కాసేపు ఆ బడిలో పిల్లలతో ఆడుకుంటావు, తక్కిన రోజంతా ఇంట్లోనే ఉంటావు. నీ గుండెకేం పని? కుదురుగా కొట్టుకుంటుంది. చూసి వాళ్లూ సంతోషిస్తారు.”

అతికించింది కూడా ఆయనే. నర్సు ఇచ్చిన మిగులు బిళ్లలు తీసి, గోడకి క్యాలెండర్ తగిలించినట్టు చకచకా అంటించేశాడు. “నొప్పి వస్తే నొక్కమని ఇక్కడో మీట ఉంది. నువ్వు దాని జోలికి పోకు,” అని చెప్పి, సెంటు రాసుకుని వెళ్లిపోయాడు.

బీమా ఆఫీసులో పనిచేస్తాడాయన. కిందటేడు కుర్చీలోనే గుండెపోటు వచ్చి కుప్పకూలాడు. దేవుడి దయో డాక్టర్ల చలవో, బతికి బయటపడ్డాడు. ఆ తర్వాతే ఆసుపత్రివాళ్లు తమ పరిశోధనలో ఆయన్ని చేర్చుకున్నారు. గుండె రక్తనాళాలు మళ్లీ పూడుకుపోకుండా కొత్త మాత్ర ఒకటి కనిపెట్టారట. కొందరికి అసలు మాత్ర ఇస్తారు, కొందరికి అచ్చం అలాగే ఉండే సుద్ద బిళ్ల ఇస్తారు. ఎవరికేది పడిందో చివరిదాకా డాక్టర్లకే తెలీదు. ఆయనకి మాత్రం తెలుసు. “నాది అసలుదే. నా మొహం చూస్తే తెలీట్లా?” అంటాడు అద్దంలో చూసుకుని.

ఆయనకి కోపం రాకూడదన్నారు డాక్టర్లు. దాంతో కోపం తెప్పించే పనులన్నీ ఒక్కొక్కటే నడిచొచ్చి ఆమె నెత్తికెక్కాయి. బ్యాంకులో వరస, కారే కుళాయి, ఇంటి ఓనరు కేకలు, అన్నిటికంటే ముందు అత్తగారు. ఉప్పు లేని కూర ఆయనకి, ఉప్పున్న కూర అత్తగారికి, రెండిట్లో మిగిలింది తనకి. చేతిలో మాత్ర పెట్టి, నీళ్లిచ్చి, మింగేదాకా నిలబడేది ఆమే.

ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా గుమ్మం దగ్గర ఆమె మెళ్లో ఒక కార్డు వేస్తారు. దాని మీద పేరుండదు, ‘తోడు’ అని మాత్రం ఉంటుంది. పెద్ద డాక్టరు ఆయన్నే అడుగుతాడు, మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు, నిద్ర పడుతోందా, ఎంత దూరం నడుస్తున్నారు అని. ఆయన తల తిప్పి ఆమె వంక చూస్తాడు. ఆమె చెప్తుంది. విని డాక్టరు ఆయన భుజం తడతాడు. “మీ క్రమశిక్షణ చూసి మిగతావాళ్లు నేర్చుకోవాలి.” ఆయన మొహమాటంగా నవ్వుతాడు.

ఒకసారి ఆమె నర్సుని పక్కకి పిలిచి మెల్లగా అడిగింది. మెట్లెక్కితే ఎద మీద ఎవరో కూర్చున్నట్టుంటోంది, దవడ లాగేస్తోంది, మీ పరిశోధనలో నన్ను కూడా చూస్తారా అని. “ఇందులో మగవాళ్లనే తీసుకుంటున్నారక్కా. ఆడవాళ్ల ఒళ్లు రోజుకో తీరంట, లెక్కలు కుదరవంట. నువ్వు మామూలు ఓపీలో చూపించుకో,” అంది ఆ పిల్ల జాలిగానే. ఓపీ పొద్దుటిపూట. పొద్దుటిపూటల్లో ఆమెకి ఖాళీ ఎక్కడిది? ఇంట్లో చెబితే, “గ్యాస్,” అన్నాడాయన పేపరులోంచి తల ఎత్తకుండా. “నీ వయసులో నాకూ ఉండేది, చచ్చానా?” అన్నారు అత్తగారు. ఆమె పనిచేసే పసిపిల్లల బడిలో మేడమ్ అయితే ఇంకా నయం, నవ్వుతూ చెప్పింది. “కాస్త నడవండి. కూర్చుని కూర్చుని ఒళ్లు చేస్తున్నారు.” అప్పుడు ఆమె చంకలో ఒక పిల్ల, కాళ్లకి చుట్టుకుని ఇంకో పిల్లాడు ఉన్నారు.

ఇంతకీ ఆ రోజు పెట్టె ఆమెతో పాటే తిరిగింది. బకెట్టుతో మేడెక్కింది. మధ్యలో ఆమె ఆగి గోడకి ఆనుకుంది. మీట వంక చూసింది గానీ నొక్కలేదు. ఆయన వద్దన్నాడని కాదు. ఆ మీట నొప్పి ఉన్నవాళ్లకి కదా, తనది నొప్పి కాదు, ఒట్టి అలసట అనుకుంది. తర్వాత అత్తగారికి స్నానం చేయించింది, వంట చేసింది, బస్సు వెనకాల పరిగెత్తింది, బడిలో పిల్లల్ని మెట్లెక్కించి దింపింది, వస్తూ వస్తూ కూరల సంచీ మోసుకొచ్చింది. రాత్రి పక్క మీద వాలితే బిళ్లలు దురద పెట్టాయి. అయినా ఎందుకో, ఒంటి మీద ఆ పెట్టె బరువు బాగానే అనిపించింది. తన రోజుని ఇంతసేపు పక్కనే ఉండి చూసినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు మరి.

మర్నాడు ఆయన పెట్టె ఇచ్చేసి వచ్చాడు. ఆ మర్నాడు ఆసుపత్రి నుంచి ఫోన్. వెంటనే తీసుకురండి, ఆలస్యం చేయొద్దు, అక్కడే ఉండేలా బట్టలు తెచ్చుకోండి అన్నారు.

ఇల్లు గగ్గోలెత్తిపోయింది. అత్తగారు గుండెలు బాదుకుని కొడుకుని మంచం మీద పడుకోబెట్టారు. చిత్రం ఏమిటంటే, ఆ పెట్టె తన ఒంటి మీద లేదని తెలిసీ ఆయన మొహం పాలిపోయింది, చెయ్యి ఛాతీ మీదికి పోయింది, “కాస్త మంచినీళ్లు,” అన్నాడు నీరసంగా. ఆమె తెచ్చింది.

“నువ్వే కదే,” అన్నారు అత్తగారు ఆమె వైపు తిరిగి. “నీ సణుగుడుతో నా కొడుకు ప్రాణాల మీదికి తెచ్చావు. వాడి తిండి చూసుకున్నావా, వాడి నిద్ర చూసుకున్నావా? ఎప్పుడూ అలసటా, అలసటా అని నీ గొడవే నీకు!”

ఆమె ఆయన వంక చూసింది. నిజం ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఆయన నీళ్లు తాగాడు, గ్లాసు కింద పెట్టాడు, దుప్పటి సర్దుకున్నాడు. అంతే.

తర్వాత వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. “నోరు మెదపకు. తెలిస్తే నన్ను పరిశోధనలోంచి తీసేస్తారు, ఆ మాత్ర ఆగిపోతుంది. నేను బతికున్నది దాని మీదే. వైరేదో ఊడినట్టుందని చెప్తాను. ఇది పక్కన పారేసి, మళ్లీ పెట్టుకోమంటారు. గొడవ వదిలిపోతుంది.”

“మరి నా సంగతి?”

“నీకేమయింది? నిక్షేపంలా తిరుగుతున్నావు. మిషన్లు తప్పు చూపిస్తాయి.”

“ఇన్నాళ్లూ మీది బాగుందని చూపిస్తే తప్పనలేదే?”

ఆయన మాత్రల డబ్బా తీసి గుండెకి హత్తుకున్నాడు. భయం నిజమే, నటన కాదు. ఆమెకి జాలేసింది. అదే ఆమెకున్న పెద్ద చిక్కు, ఆయన మీద జాలి మహా తొందరగా వచ్చేస్తుంది. బట్టల సంచీ సర్దుతూ ఆలోచించింది. పారేస్తాడట. మెట్ల మీద తను ఆగింది, ఆయాసపడింది, దవడ పట్టుకుని నిలబడింది, అదంతా ఊడిపోయిన వైరు ఖాతాలో పారేస్తాడట. ఎవరికి చెప్పినా గ్యాస్ అన్నారు, వయసన్నారు, నడవమన్నారు. ఒక్క పెట్టె నమ్మింది. దాన్నీ అబద్ధాలకోరుని చేస్తాడట.

ఆసుపత్రి గుమ్మంలో ఎప్పటిలాగే ఆమె మెళ్లో కార్డు పడింది. లోపల తెల్ల దుప్పటి పరిచిన మంచం సిద్ధంగా ఉంది. అత్తగారు కొడుకు చెయ్యి వదలకుండా కుర్చీలో కూర్చున్నారు. పెద్ద డాక్టరు పొడుగాటి కాగితాలు పరిచాడు.

“చూడండి, మీ పాత రిపోర్టులకీ దీనికీ పోలికే లేదు. గుండెకి రక్తం సరిగ్గా అందట్లేదు. ఇక్కడ చూడండి, ఏ బరువులు మోశారో, ఏ మెట్లెక్కారో! ఇదిగో, ఇక్కడ పరిగెత్తినట్టున్నారు. మధ్యాహ్నం కూడా ఆగలేదు. ఏం మనిషండీ మీరు? లేచిన దగ్గర్నుంచీ పడుకునేదాకా ఈ గుండెకి కుదురు లేదు. ఇంత కష్టం ఎందుకు పడుతున్నారు?”

“మొదట్నుంచీ వాడంతే బాబూ,” అత్తగారు కళ్లొత్తుకున్నారు. “ఇంటి బరువంతా వాడిదే.”

ఆమెకి నవ్వొచ్చింది, వెనకాలే ఏడుపొచ్చింది. రెండూ ఆపుకుంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఒక్కరైనా అనకపోతారా అని ఎదురుచూసిన మాట ఇవాళ అన్నారు, అదీ ఇంత పెద్ద డాక్టరు, కాగితాలు చూపించి మరీ. కాకపోతే ఆయన్ని చూసి అన్నారు.

“అది... వైరేదో...” ఆయన గొణిగాడు.

“వైర్లు సరిగ్గానే ఉన్నాయి. మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి గుండెదాకా సన్నటి గొట్టం పంపి ఇవాళే లోపల చూడాలి. ముందిది చెప్పండి, పొద్దున అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పడింది ఇక్కడ. ఆ టైములో ఏం చేస్తున్నారు?”

ఆయన అలవాటు కొద్దీ తల తిప్పి ఆమె వంక చూశాడు. నువ్వు చెప్పు అన్నట్టు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించు అన్నట్టు.

“తడిబట్టల బకెట్టుతో మేడ మెట్లెక్కుతున్నానండీ,” అంది ఆమె. “ఆ రోజు ఈయన పెట్టె పెట్టుకోలేదు. పేకాటకి వెళ్తూ తీసి నాకు పెట్టారు. ఆ గుండె నాది.”

అత్తగారి చెయ్యి కొడుకు చేతి మీంచి జారింది. డాక్టరు కాగితం వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. “కానీ అమ్మా... ఈ పరిశోధనలో ఆడవాళ్లని...”

“పరిశోధన సంగతి నాకు తెలీదు బాబూ. ఇప్పుడే కదా, ఇవాళే చూడాలన్నారు? చూడండి.”

“అమ్మ బాబోయ్, మరి నా మాత్ర?” అన్నాడాయన. ఆ మాట ఎవరికీ వినిపించినట్టు లేదు. నర్సు అప్పటికే ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూస్తోంది. “అక్కా, ఆ రోజే నేను వినుండాల్సింది,” అంది.

ఆమె చెప్పులు విడిచి, తెల్ల దుప్పటి మీద కూర్చుంది. ఎత్తు మంచం, కాళ్లు నేలకి అందలేదు. అలా కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఎన్నేళ్లయిందో. మెళ్లోంచి కార్డు తీసి, మంచం పక్కన నిలబడిపోయిన ఆయన మెళ్లో వేసింది. అక్షరాలు పైకి కనబడేలా సరిచేసింది కూడా.

“డాక్టరుగారు నాకు ఏ మందులు చెప్తారో, ఎప్పుడెప్పుడు వేసుకోమంటారో శ్రద్ధగా వినండి,” అంది. “నన్నడిగితే, నేను మీ వంకే చూస్తాను.”