పిచ్చమ్మ చేతులు

పదేళ్లుగా తెరమీద కనిపించి ఆంధ్రదేశాన్నంతా ఏడిపించిన నటుడు కామాక్షయ్య, పంతొమ్మిదివందల అరవై రెండులో తొలిసారి దర్శకుడై మైపాడు సముద్రపు ఒడ్డున కెమెరా పెట్టించాడు. సముద్రంలో మొగుడు పోయిన జాలరి పడుచు గాజులు పగలగొట్టుకునే ఘట్టం ఆ పూట తీయాలి.

కొత్తగా పెళ్లయిన నాయిక కరుణాకుమారి ససేమిరా అంది.

"ఏడవమంటే సాయంత్రం దాకా ఏడుస్తానండీ. గాజుల జోలికి మాత్రం రాను. రేపు మా ఆయన తుమ్మినా మా అత్తగారు నన్నే అంటుంది."

అందరూ నవ్వారు. కామాక్షయ్య కూడా నవ్వి, సరేనమ్మా అన్నాడు. చేతులు వేరే ఎవరివైనా తీస్తే సరిపోతుంది.

షూటింగు చూడవచ్చిన ఆడవాళ్లలో పిచ్చమ్మ మణికట్లు సన్నగా ఉన్నాయి. సంగతి చెప్పగానే ఆమె వెనక్కి జరిగింది.

"మా ఆయన చేపల ఏటకి పోయుండాడు సామీ. ఇంకా ఒడ్డుకి రాలా."

ఆ మాటతో ఆగిపోవలసింది. కామాక్షయ్య ఆగలేదు. సినిమాల్లో తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు వాడే గొంతు తీశాడు.

"నా తొలి బొమ్మ, తల్లీ. నీ అన్న అడుగుతున్నాడనుకో."

కాదనలేక పిచ్చమ్మ తన గాజులు తీసి కొంగున ముడేసుకుంది. సినిమా కంపెనీవాళ్లు ఇచ్చిన గాజులు తొడుక్కుని రాయికేసి కొట్టింది. చప్పట్లు కొట్టింది కంపెనీవాళ్లే. ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమెకు దూరంగా జరిగారు.

ఆమె కొంగుముడి విప్పబోతే అత్త పోలేరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు నీయంతట నువ్వేసుకుంటావా? వాడు రానీ. వాడే తొడగాల."

పిచ్చమ్మ పోయి నీళ్ల అంచున కూర్చుంది. కామాక్షయ్య మిగతా పని ఆపించి ఆమెకు కాస్త ఎడంగా నిలబడ్డాడు. అలల్లోకి చూస్తున్న ఆ ముఖాన్ని కెమెరాలో పట్టుకుంటే ఎంత బాగుండునో అన్న ఊహ తోచింది. మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది.

పొద్దు వాలేవేళకి పడవ వచ్చింది. పిచ్చమ్మ మొగుడు ముత్యాలయ్య నీళ్లలోకి దూకి, కామాక్షయ్యని చూసి తడిచేతులు జోడించాడు.

"మా ఇంటిదాని పక్కన నిలబడుండారే! దీన్ని కూడా బొమ్మలో ఏసినారా ఏంది సామీ?" అని పెళ్లాంకేసి తిరిగాడు. "ఏం యేషం మే?"

పిచ్చమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

"గాజులు పగలగొట్టించాను," అన్నాడు కామాక్షయ్య. "నువ్వు సముద్రం మీద ఉన్నావని తెలిసే చేయించాను."

ముత్యాలయ్య నవ్వు ఆగిపోయింది. పెళ్లాం ముందు గొంతుక్కూర్చుని కొంగుముడి విప్పాడు. ఉప్పునీళ్లకి నానిన వేళ్లలో గాజు నిలవడంలేదు.

"రవంత పక్కకి జరగండి సామీ," అన్నాడు, తల ఎత్తకుండానే. "మీ నీడ పడతా ఉండాది."

కామాక్షయ్య జరిగాడు.