గడిచిన మూడు నెలల్లో

పొగమంచు. నాలిక చాపితే ఉప్పగా తగిలే పొగమంచు.

కెనడా తూర్పు కొసన, మా న్యూఫౌండ్లాండ్ తీరంలో అదెంత చిక్కగా ఉంటుందంటే, మా నాన్న దానికి మేకు కొట్టి టోపీ తగిలించేవాడు. నమ్మకపోతే మానెయ్యండి. మా తమ్ముడు లియాండర్ కూడా నమ్మడు. వాడికి అబద్ధమాడటం చేతకాదు... ఇంట్లో ఉన్న అబద్ధాలన్నీ పెద్దవాణ్ణని నేనే తీసేసుకున్నాను.

ఆ పొగమంచులోనే వాణ్ణి బండెక్కించుకుని బయల్దేరాను. తాగుడు మాన్పించే ఆస్పత్రికి.

"తాగుడు మానేస్తా, అన్నా," అన్నాడు నిన్న. వాడంతట వాడే. ఇన్నేళ్ళకి.

ఆ మాట ఎంతసేపు నిలుస్తుందో నాకు తెలుసు. అందుకే బెడ్డు ఇవాళే కావాలి. ఇవాళే.

ఆస్పత్రిలో బల్ల అవతల బెర్నడీన్ అనే పిల్ల. మంచి పిల్ల. వెచ్చటి గొంతు. తాగుడు మనిషికి ఎంత నష్టం చేసిందో కొలుస్తుంది — ప్రశ్నకి సున్నా నుంచి మూడు దాకా. మొత్తం ఎక్కువొచ్చినవాళ్ళకి ముందు బెడ్డు.

"గడిచిన మూడు నెలల్లో... తాగుడు వల్ల పని పోగొట్టుకున్నారా?"

"లేదమ్మా. పడవ అమ్మేసి ఏళ్ళయింది. పోవడానికి పనెక్కడిది?"

సున్నా.

గడిచిన మూడు నెలల్లో... తాగి బండి నడిపారా? లైసెన్సు ఎప్పుడో లాగేసుకున్నారు.

సున్నా.

గడిచిన మూడు నెలల్లో... భార్యతో గొడవలు?

"ఆవిడ ఎప్పుడో హాలిఫాక్స్ వెళ్ళిపోయిందమ్మా. ఇక్కణ్ణించి అరిస్తే వినబడదు."

సున్నా.

పోయినవన్నీ ఎప్పుడో పోయాయి. గడిచిన మూడు నెలల్లో పోవడానికి ఏం మిగిలిందని...

నేనాగలేకపోయాను. "అమ్మాయ్, రాసుకో! పోయిన వారమే తాగి తిమింగలంతో కలబడ్డాడు. దానికి రెండు పళ్ళూడాయి. దాని పెళ్ళామొచ్చి మా గుమ్మం ముందు ఒకటే శోకాలు!"

పిల్ల నవ్వింది. "పెద్దాయనా, ఆయన నోటితో చెప్పిందే రాసుకోవాలి నేను."

"ఊరుకో అన్నా, పరువు తియ్యకు," అన్నాడు వాడు. వణికే చేతుల్ని తొడల కింద అదిమిపెట్టుకుని.

ఒళ్ళు పాడైందా అన్నదానికి మాత్రం మూడు. ఒక్క మూడు — నడిసముద్రంలో ఒంటరి బండలా.

ఆఖరి ప్రశ్న.

"గడిచిన మూడు నెలల్లో... మీవాళ్ళెవరైనా విసిగిపోయి మిమ్మల్ని వదిలేశారా?"

వాడు నా వైపు తిరిగాడు. మొహం వెలిగింది.

"లేదమ్మా! ఇడుగో, కూర్చున్నాడుగా మా అన్న."

ఎంత గర్వంగా చెప్పాడో.

సున్నా.

బెర్నడీన్ కూడింది. మళ్ళీ కూడింది. తలెత్తలేదు.

"తక్కువొచ్చిందండీ. ఇంకొక్క మూడుంటే ఇవాళే చేర్చుకునేవాళ్ళం... నా చేతుల్లో లేదు. మూడు నెలలయ్యాక మళ్ళీ రండి."

"అయితే ఈలోగా పోగొట్టుకోడానికి ఏదో ఒకటి సంపాదించాలన్నమాట," అన్నాడు వాడు. వెక్కిరింతగా కాదు. నిజంగానే ఆలోచిస్తూ.

బండిలో ఇద్దరం. తాళం తిప్పలేదు నేను.

ఇంకొక్క మూడు.

గొంతులో చేపముల్లులా అదే మాట. నేను వదిలేస్తే... అంకె పెరుగుతుంది. నేను వదిలేస్తే... బెడ్డొస్తుంది. పక్కన కూర్చున్నంతకాలం నేనే వాడి సున్నా.

వాడికి ఆ లెక్క తట్టలేదు. తట్టదు కూడా.

"ఏంటన్నా, మాట పడిపోయిందా? ఏదో ఒక కోత కొయ్యి, విందాం."

కోశాను. ఏం కోశానో నాకే తెలీదు. వాడు నవ్వాడు కూడా.

అద్దాల బయట రోడ్డు లేదు. సముద్రం లేదు. తెల్లగా, ఉప్పగా... అంతే.

వణుకుతున్న చెయ్యొకటి మెల్లగా వచ్చి నా కోటు పట్టుకుంది. చిన్నప్పుడు పడవలో పట్టుకున్నట్టు.

విడిపించుకోవాలో —