పదో పేరు

ఆ సోమవారం పొద్దున కాలేజీ మెట్లెక్కేటప్పటికి గుండీలాయన చేతిలో ఉన్నవి రెండు. ఒకటి, ఆరేళ్లపాటు సాయంత్రం క్లాసులకు తిరిగి సంపాదించిన నూట ఇరవై ఆరు క్రెడిట్లు. రెండు, కంటి డాక్టరు అంచనా ప్రకారం ఇంకో మూడేళ్ల చూపు. చరిత్ర డిగ్రీకి కావలసింది నూట ఇరవై క్రెడిట్లే. ఆరు ఎక్కువున్నాయి. పట్టా ఎప్పుడిస్తారో కనుక్కుందామని వచ్చాడు తప్ప, లోటేదో ఉందని కాదు.

ఆయన అసలు పేరు కాలేజీ రిజిస్టర్లో ఉంది, బయట ఎవరూ వాడరు. దర్జీలకు గుండీలు, జిప్పులు, దారపు రీళ్లు, లైనింగు గుడ్డ అమ్మే కొట్టు ఆయనది. గోడ పొడవునా మూడు వందల సొరుగులు, ఒక్కో సొరుగు మీద అందులో ఉన్న రకం గుండీ ఒకటి కుట్టి ఉంటుంది. ఇరవయ్యో ఏట చరిత్ర చదువుతూ చదువుతూ, తండ్రికి పక్షవాతం వస్తే పుస్తకాలు మూసి ఆ సొరుగుల ముందు నిలబడ్డాడు. యాభై దాటాక కూతురు దరఖాస్తు తెచ్చిపెడితే మళ్లీ మొదలుపెట్టాడు. చరిత్రే ఎందుకని ఎవరైనా అడిగితే, "మధ్యలో వదిలేసిన బేరం అదే కదా" అనేవాడు.

రిజిస్ట్రేషన్ కిటికీ వెనక కూర్చునే మేడమ్ ఆయన కాగితాన్ని పైనుంచి కిందికి చూసింది. మళ్లీ కిందనుంచి పైకి చూసింది.

"కలిపితే సరిపోయిందండీ. విడగొడితే సరిపోలేదు."

"విడగొట్టడం ఎందుకమ్మా, కలిపే ఉంచుదాం."

ఆవిడ నవ్వలేదు, కానీ పెన్నుతో చూపించి చెప్పింది. చరిత్ర పట్టా కావాలంటే ప్రాచీన కాలంలో ఒక కోర్సు, మధ్యయుగంలో ఒకటి, ఆధునిక కాలంలో ఒకటి తప్పనిసరి. ఇతర దేశాల చరిత్ర ఒకటి, చరిత్ర ఎలా రాయాలో నేర్పేది ఒకటి, ఆఖర్న ఒక పరిశోధన వ్యాసం. రెండు భాషా కోర్సులు, ఒక సైన్సు. ఆయన అన్నీ చేశాడు. ఆధునికంలో అయితే ఒకటి చాలిన చోట పదమూడు చేశాడు. ప్రాచీనం గడి మాత్రం ఖాళీ.

గుండీలాయనకు ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో వెంటనే తెలిసింది. ప్రాచీన చరిత్ర క్లాసు సోమ, గురువారాలు సాయంత్రం ఐదింటికి. దర్జీలు కొట్టు మీద పడేది సరిగ్గా ఆ గంటలోనే. వచ్చే ఏడు చూద్దాం, వచ్చే ఏడు చూద్దాం అనుకుంటూ, కొట్టుకు అడ్డురాని కోర్సులన్నీ గంపగుత్తగా ఎత్తుకున్నాడు. బరువు పెరుగుతోంది కదా అనుకున్నాడు తప్ప, సరుకు ఏమిటో చూసుకోలేదు.

"నాదగ్గర ఆరు ఎక్కువున్నాయి కదమ్మా. ఆ ఆరూ తీసేసుకుని ఈ కోర్సు మూడూ ఇవ్వండి. కాలేజీకే లాభం."

"ఇది మార్పిడి కొట్టు కాదండీ."

"పోనీ, ఇంకేం దారులున్నాయి?"

దారులు ఉన్నాయి. ఆవిడ ఓపిగ్గా ఒక్కొక్కటీ తెరిచి, ఒక్కొక్కటీ మూసింది. వేరే శాఖ కోర్సును దీనికి బదులుగా లెక్కలోకి తీసుకోవచ్చు, కానీ దానికి కమిటీ ఒప్పుకోవాలి, కమిటీ మళ్లీ కూర్చునేది ఈ టర్ము అయ్యాక. కోర్సుకు బదులు పెద్ద వ్యాసం రాయవచ్చు, కానీ దానికి పోయిన టర్ములోనే పేరు ఇచ్చి ఉండాలి. క్లాసుకు రాకుండా పరీక్ష మాత్రం రాసే వీలు ఒకప్పుడు ఉండేది, ఎత్తేశారు. ఇక మిగిలింది ఈ టర్ములో ప్రాచీన చరిత్ర చదవడం. వచ్చే టర్ము నుంచి కొత్త పద్ధతి, పాతవాళ్లకు ఇదే ఆఖరు అవకాశం. ఇప్పుడు పూర్తికాకపోతే పాత క్రెడిట్లు సగమే లెక్కకొస్తాయి. సాయంత్రం చదివేవాళ్లకు ఇకమీదట ఏడాదికి నాలుగు కోర్సులే.

గుండీలాయన మనసులో వేసుకున్నాడు. నూట ఇరవై ఆరులో సగం అరవై మూడు. ఇంకా యాభై ఏడు కావాలి. కోర్సుకు మూడు చొప్పున పంతొమ్మిది కోర్సులు. ఏడాదికి నాలుగంటే ఐదేళ్లు. డాక్టరు ఇచ్చింది మూడు.

"అయితే ఆ కోర్సులో నా పేరు రాసేయండి. కొట్టు కూతురు చూసుకుంటుంది."

"రాస్తాను. మీరు ఆరోవాళ్లు. శుక్రవారం నాలుగింటికి పదిమంది లేకపోతే కోర్సు రద్దు."

ఇంటికెళ్లి చెబితే భార్య చేస్తున్న పని ఆపి ఆయన మొహంలోకి చూసింది. "తెల్ల గుండీలు ఆరు డజన్లు కొని నల్లకోటుకు చాలవా అని ఎవడైనా అడిగితే పదిమందికి చెప్పి నవ్వేది మీరే కదండీ."

"ఇప్పుడు నువ్వు నవ్వు."

ఆవిడ నవ్వలేదు. ఆయన ఈమధ్య నల్ల గుండీలకూ ముదురు నీలానికీ తేడా తెలియక, ఒక్కోటీ గుమ్మంలోకి తీసుకెళ్లి వెలుతుర్లో చూడటం ఆవిడకు తెలుసు. "నలుగురే కదా," అంది. "ముప్ఫై ఏళ్లు గిరాకీ లేని సరుకు అమ్మారు. నలుగురికి అమ్మలేరా?"

ఆ మాట ఆయన్ని పట్టుకుంది. మంగళవారం నుంచి కాలేజీ క్యాంటీను గుమ్మం పక్కన బల్ల దగ్గర కూర్చున్నాడు. ప్రాచీన చరిత్ర చెప్పే మాస్టారు ఈ టర్ముతో రిటైరవుతున్నాడు. ఆయన ఇచ్చిన కోర్సు వివరాల కాగితం ముందు పెట్టుకున్నాడు. బయటివాళ్లను తెచ్చి కూర్చోబెట్టే వీల్లేదు, కాలేజీ రిజిస్టర్లో పేరున్నవాళ్లే కావాలి.

మొదటి బేరం ఫుట్‌బాల్ ఆడే కుర్రాడితో.

"పరీక్షలు కష్టమా బాబాయ్?"

"ల్యాబు లేదు, లెక్కలు లేవు. అందులో ఉన్నవాళ్లందరూ చచ్చి రెండు వేల ఏళ్లయింది. నువ్వు ఏం రాసినా కాదనడానికి ఒక్కడూ రాడు."

"మాస్టారు కాదంటారు కదా."

"మాస్టారు రిటైరవుతున్నారు. పోయేవాళ్లు చెడ్డపేరు తెచ్చుకోరు."

కుర్రాడు సంతకం పెట్టాడు. ఏడు. బుధవారం ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ చదువుకునే నర్సు దొరికింది. సోమ, గురువారాల సాయంత్రాలు తప్ప ఖాళీ లేని మనిషి ఆమె. ఎవరి అడ్డంకి ఎవరికి సదుపాయమో అనుకున్నాడు. ఎనిమిది. గురువారం మధ్యాహ్నం దాకా మాటలు వృథా. చివరకు క్యాంటీనులో గల్లా దగ్గర కూర్చునే కుర్రాడు, అతనూ సాయంత్రం విద్యార్థే, "మూడు రోజుల్నుంచి మీ ఉపన్యాసం విని విని సగం సిలబస్ వచ్చేసింది, మిగతా సగం కూడా విందాం" అని పేరు ఇచ్చాడు. తొమ్మిది.

పదో పేరు శుక్రవారం మధ్యాహ్నం మూడింటిదాకా రాలేదు. అడగాల్సినవాళ్లందర్నీ అడిగాడు. కొందర్ని రెండుసార్లు అడిగాడు. బేరగాడు తిరిగొస్తున్నాడని చూసి పిల్లలు రెండో గుమ్మంలోంచి పోవడం మొదలుపెట్టారు. కొట్లో అయితే అక్కడితో ధర తగ్గించేవాడు. ఇక్కడ తగ్గించడానికి ఆయన చేతిలో ధర లేదు.

మూడుంబావుకు కళ్లజోడు పిల్ల వచ్చింది. లైబ్రరీ బల్ల దగ్గర పనిచేస్తూ చరిత్రే చదువుకునే పిల్ల. రెండేళ్లుగా గుండీలాయనకు చదవాల్సిన పేజీలన్నీ పెద్ద అక్షరాల్లోకి జిరాక్సు తీసిచ్చేది ఆ అమ్మాయే. చేతిలో నింపిన ఫారం ఉంది.

"పది," అంది.

"నువ్వు ప్రాచీనం చేసేశావు కదమ్మా?"

"మొదటి భాగం చేశాను. ఇది రెండోది. నాకూ మొత్తానికి క్రెడిట్లు కావాలి కదా, ఇవైతేనేం?"

గుండీలాయన బల్ల మీది కాగితం మడిచి లేచాడు. కిటికీ దగ్గర వరస ఉంది, ఇద్దరూ నిలబడ్డారు. ముందు నలుగురు. గోడ గడియారంలో మూడు ఇరవై.

"ఒకసారి చూడండి బాబాయ్, సరిగ్గా నింపానో లేదో," అని ఫారంతో పాటు తన క్రెడిట్ల కాగితం కూడా చేతిలో పెట్టింది.

చూపు బాగున్నవాడు కాగితాన్ని ఒక్క చూపులో చూసి ఇచ్చేస్తాడు. గుండీలాయన భూతద్దం తీసి, వేలు పెట్టి, గడి గడికీ ఆగుతూ చదవాలి. ప్రాచీనం ఉంది. మధ్యయుగం ఉంది. ఆధునికం ఉంది. వ్యాసం ఈ టర్ములో. భాషా కోర్సులు రెండు ఉండాలి. ఒకటే ఉంది. రెండో గడి ఖాళీ. మొత్తం నూట పద్నాలుగు. రెండు కోర్సులు చేస్తే నూట ఇరవై అవుతుంది, అందుకే ఆ పిల్ల లెక్క సరిపోయిందనుకుంటోంది. ఆ రెండో భాషా కోర్సు ఏ వేళకుందో ఆయనకు తెలుసు, తనూ ఈ వారమంతా ఆ గోడ మీది పట్టికనే చూస్తున్నాడు. సోమ, గురువారాలు, సాయంత్రం ఐదు.

భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"బాగానే ఉంది," అన్నాడు.

వరసలో ఒకరు తగ్గారు. ఆ పిల్ల ఒక అడుగు ముందుకేసింది. ఆయన వెనకాలే వేశాడు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ కాగితం కాలేజీది, రూలు కాలేజీది, చదువుకున్న పిల్ల, చూసుకోవాల్సింది తనే. పైగా చిన్నది, దానికి బోలెడంత చూపుంది, ఏళ్లున్నాయి. ఇలా ఒక్కో కారణం తీసి సొరుగులో వేసుకున్నాడు. అన్నీ బరువుగానే ఉన్నాయి. వరసలో ఇంకొకరు తగ్గారు. అమ్మాయి వెనక్కి తిరిగి, "మీ పట్టా ఫొటోలో నేనూ ఉండాలి సుమా" అంది.

గుండీలాయన నూలు రంగు పోతుందని తెలిసి కూడా ఒకసారి ఒక దర్జీకి ఎర్ర దారం అమ్మాడు. ఆ దర్జీ మళ్లీ కొట్టుకు రాలేదు, తిట్టనూ లేదు. ఇప్పటికీ ఆ దర్జీ ఉండే వీధిలోంచి పోవాల్సి వస్తే గుండీలాయన చుట్టుతిరిగి పోతాడు.

"ఆగు," అన్నాడు. "నీకు రెండో భాషా కోర్సు లేదు."

"వచ్చే టర్ములో చేస్తాను."

"వచ్చే టర్ము లేదు. సగానికి పడిపోతావు. నూట పద్నాలుగు యాభై ఏడవుతుంది. భాష కూడా సోమ, గురువారాలు ఐదింటికే. రెండూ కుదరవు."

ఆమె కాగితం లాక్కుని చూసుకుంది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసుకుంది. ఆరేళ్ల కిందట తనకు ఎవరూ చూపించని ఖాళీ గడిని ఆమె చూడటం గుండీలాయన చూశాడు.

"మరి మీరు?" అంది.

"నాసంగతి తర్వాత. ముందు ఆ ఫారం కొట్టేసి భాష రాయి."

ఆమె కొట్టేసి రాసింది. కిటికీ దగ్గర ఇచ్చి, రసీదు కూడా తీసుకోకుండా కారిడార్లోకి పరిగెత్తింది. పదో మనిషి కోసం క్యాంటీను, లైబ్రరీ, ఆటస్థలం అన్నీ తిరిగి ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం మూడున్నర తర్వాత ఏ కాలేజీలోనైనా ఎవరుంటారు? నాలుగింటికి మేడమ్ కిటికీ రెక్క మీద చెయ్యి వేసింది. మళ్లీ తీసి, ముద్ర కనిపించట్లేదన్నట్టు సొరుగులు వెతకడం మొదలుపెట్టింది. ముద్ర బల్ల మీదే ఉంది. గుండీలాయనకు కూడా కనిపించింది. నాలుగుంబావు దాకా వెతికింది.

ఆ పిల్ల ఒంటరిగానే తిరిగొచ్చింది, ఆయాసపడుతూ.

"తొమ్మిది," అంది మేడమ్ మెల్లగా. "నాచేతుల్లో లేదండీ."

"తెలుసమ్మా. ముద్ర ముందర పెట్టుకుని అంతసేపు ఎవరు వెతుకుతారు," అన్నాడు.

మెట్ల కింద మాస్టారు ఎదురయ్యాడు. సంగతి విన్నాడు. "ముప్ఫై రెండేళ్లు చెప్పాను. ఆఖరి సరుకు కొట్లోనే మిగిలిపోయింది గుండీలాయనా," అని చంకలోని కట్ట తీసి ఇచ్చాడు. కోర్సు మొత్తం నోట్సు, ఆయన చేతిరాత. గుండీలాయన రెండు చేతులా అందుకున్నాడు. విప్పితే ఇసక చల్లినట్టు సన్నటి అక్షరాలు. ఒక్క మాట కూడా చిక్కలేదు. ఆ సంగతి మాస్టారికి చెప్పలేదు. పక్కన నిలబడ్డ పిల్ల ఆ అక్షరాల వంకా, ఆయన వంకా చూసింది. "రోజుకు నాలుగు పేజీలు పెద్దవి చేసి తెస్తాను" అంది.

"నీ భాష చదువుకో ముందు," అన్నాడు.

కొట్టుకొచ్చేసరికి కూతురు దర్జీలతో సతమతమవుతోంది. ఏమైంది నాన్నా అని కళ్లతోనే అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపి, ఖాళీ అయిన గుండీల అట్ట ఒకటి తీసుకుని, ఎప్పుడూ రాసేదానికి రెండింతల అక్షరాలతో రాసుకున్నాడు.

నూట ఇరవై ఆరు పోయి, అరవై మూడు. కావలసిన ఏళ్లు ఐదు, ఉన్న ఏళ్లు మూడు, ఎటు తిప్పి వేసినా రెండు తక్కువ. చదవలేని నోట్సు ఒక కట్ట. అన్నిటి కిందా గీత గీసి, ‘వచ్చినది’ అని రాసి, అట్టను వెలుతుర్లోకి జరుపుకున్నాడు. తర్వాత రాశాడు: భాషా కోర్సు ఒకటి, మూడు క్రెడిట్లు, వేరేవాళ్ల పేరు మీద.